సముద్రం దగ్గర ఆగిపోయిన సరోజక్క

నిన్న హొసూరు బస్టాండు దగ్గర వాన కోట్లు అమ్మే కొట్టు ముందు నిలబడ్డాను. తడిసిన రబ్బరు వాసన ముక్కుకు తగలగానే సరోజక్క గుర్తొచ్చింది. అండమాన్‌లో సముద్రంలోకి దిగేముందు మా ముఖాలకు బిగించిన రబ్బరు అంచుల అద్దాలది సరిగ్గా అదే వాసన.

సరోజక్కది హొసూరు పక్కనున్న అత్తిముగం. బేరిగై దగ్గరి గులాబీ తోటలో పూలు కట్టలు కట్టి పంపే షెడ్డుకు ఆమె పెద్ద. నేను చేరిన కొత్తలో ప్రతిదానికీ తటపటాయించేదాన్ని. ఈ మొగ్గను విదేశానికి పంపాలా, ఊళ్లో అమ్మాలా అని చేతిలో పట్టుకుని నిలబడిపోయేదాన్ని. "నువ్వు ఆలోచించేదాకా పువ్వు ఆగదు వేణీ. ఏదో ఒక పక్క పెట్టమ్మా. తప్పైతే నేనుండాను" అనేది. పెళ్లి వద్దనుకున్నప్పుడూ, తమ్ముడి ఇంట్లోనే ఉండిపోదామనుకున్నప్పుడూ ఆమె అలాగే తేల్చేసిందట. తెలియదన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

ఒక ఏడాది తోట యజమాని షెడ్డులోని ఆడవాళ్లను అండమాన్ దీవులు చూసి రమ్మని పంపాడు. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని సముద్రం అడుక్కి దిగడానికి మిగతావాళ్లు ఒప్పుకోలేదు. సరోజక్క మాత్రం నా చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించింది. పడవలో శిక్షకుడు సైగలు నేర్పాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నానని అర్థం. బొటనవేలు పైకెత్తితే మాత్రం పైకి తీసుకెళ్లమని.

కింద పగడాల మధ్య పసుపు చారల చేపలు మా ముందు నుంచే పోతున్నాయి. నా ఊపిరి చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. పక్కకు చూస్తే సరోజక్క బొటనవేలు పైకెత్తి ఉంది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఆమెను పట్టుకున్న శిక్షకుడు వెంటనే పైకి తీసుకుపోయాడు. వెనకే నన్నూ తెచ్చారు. పడవలో చూస్తే ఆమె ఏడుస్తోంది.

"భయమేసిందా అక్కా?"

"లేదు."

"మరి వేలెందుకు ఎత్తినావు? బాగుందనా, పైకి పోదామనా?"

"తెలీదు వేణీ. నిజంగానే తెలీదు."

సముద్రం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మరుసటి రోజు అడవిలో కొండ దారి పట్టాం. బురద, చెట్ల వేళ్లు, జారుడు. ఎప్పుడూ అందరికన్నా ముందు నడిచే మనిషి ఆ రోజు వెనకబడింది. ఒక మలుపులో సముద్రం కనబడగానే కూర్చుండిపోయింది.

"మీరు పొండి. నేను ఈడే ఉంటాను."

"సరే, తిరిగి వచ్చేటప్పుడు పిలుస్తాంలే."

"అది కాదమ్మా. ఊరికి నేను రాను."

"రాకుండా ఈడ ఏం చేస్తావక్కా?"

"బసలో వంటింటికి మనిషి కావాలంట, పొద్దున అడిగి పెట్టినాను. ఆపైన ఏమో తెలీదు."

వేళాకోళమనుకున్నాను. మేము ఓడ ఎక్కిన రోజు ఆమె ఒడ్డునే నిలబడిపోయింది. చెయ్యి ఊపాలో, దిగి వెళ్లి లాక్కురావాలో తేల్చుకునేలోపే ఓడ కదిలింది.

వారం తిరగకముందే ఆమె తమ్ముడు షెడ్డుకు వచ్చాడు. "మా అక్కను యాడ విడిచిపెట్టి వచ్చినావమ్మా? ఇంట్లో ఎవురన్నా ఏమన్నా అన్నారని చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదప్పా."

"ఏడుస్తా ఉండిందా?"

"లేదు. ఓడ కదిలేటప్పుడు నవ్వుతానే ఉండింది."

ఆ రోజు పడవలో ఏడ్చిందని చెప్పి ఉంటే ఆయనకు కొంత ఊరటగా ఉండేదేమో.

ఇప్పుడు సరోజక్క వంటింట్లో లేదు. నీళ్లంటే జంకే ఆడవాళ్లు యాత్రకు వస్తే, వాళ్లకు తోడుగా పడవలో వెళుతుంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "సంతోషంగా ఉండావా అక్కా?" అని ఒకసారి అడిగాను. "కొన్ని దినాలు ఉంటాను. కొన్ని దినాలు తమ్ముని బిడ్డలు కండ్లలో మెదుల్తారు, బయలుదేరి వచ్చేద్దామనిపిస్తుంది. తెల్లారి నీళ్లు చూస్తానే మళ్లీ ఆగిపోతాను" అంది.

షెడ్డులో ఆమె చోట ఇప్పుడు నేనున్నాను. ఎవరేమడిగినా చకచకా తేల్చి చెప్పేస్తాను. అది ఆమె ఇచ్చిన ధైర్యమే. ఆమె చేసింది మంచో చెడో మాత్రం ఇన్నేళ్లయినా తేల్చలేకపోతున్నాను. ఆమె తమ్ముడు ఎదురైనప్పుడల్లా, అక్క ఎందుకు ఆగిపోయిందో ఈసారైనా నేను చెప్తానేమోనని నా ముఖంలోకి చూస్తాడు.