నడుమ పేరు

మా పక్కింటి బాపయ్యను చూసి నవ్విన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పద్మాపూర్ గని దగ్గర బొగ్గు లారీల మీద టార్పాలిన్ కప్పే పని అతనిది. కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు కింద కూలి. ఒక రోజు మానితే మర్నాడు ఆ చోట ఇంకొకడు ఉంటాడు. భార్య రాజక్క పొద్దున్నే ఇళ్లల్లో పనికి పోయేది. అందుకని కూతురు స్వప్నను బడిలో చేర్పించడం దగ్గర్నుంచి మాస్టర్లు పిలిస్తే పోవడం దాకా అన్నీ బామ్మర్ది చిన్నయ్యే చూసుకున్నాడు. పదేళ్లలో బాపయ్య ఆ బడి గడప తొక్కలేదు. "కన్నది నువ్వు, తండ్రి మాత్రం వాడు" అని మేం ఆటపట్టించేవాళ్లం. నవ్వి ఊరుకునేవాడు.

అతనికి చదువు రాదు. అయినా ఏటా మార్కుల కార్డు వచ్చిన రోజు అతని సంబరం చూడాలి. బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, మసి అంటకుండా కార్డును అంచులు మాత్రమే పట్టుకుని, "నా పేరేది బిడ్డా?" అని అడిగేవాడు. ఇక్కడి మరాఠీ బడుల్లో పిల్ల పేరుకూ ఇంటిపేరుకూ నడుమ తండ్రి పేరు రాస్తారు. స్వప్న ఆ నడుమ వేలు పెట్టి "గిదే బాపు" అనేది. అతను కళ్లార్పకుండా చూసేవాడు.

ఈసారి పదో తరగతిలో స్వప్నకు ఎనభై ఎనిమిది శాతం వచ్చింది. చంద్రపూర్‌లో ఒక హాల్లో అలాంటి పిల్లలకు సన్మానం పెట్టారు. తండ్రులనూ వేదిక మీదికి పిలుస్తారని తెలిసి బాపయ్య మొదటిసారి పని మానేశాడు.

"మైకుల నా పేరు పిల్ల పేరుతోని కలిపి సదువుతరట. ఒక్కసారి ఇంటె సాలన్నా," అన్నాడు నాతో.

స్వప్న మాత్రం "ఎండ మస్తుంది, నువ్వు రాకు బాపు" అని నాలుగుసార్లు చెప్పింది. తండ్రిని చూసి సిగ్గుపడుతోందేమోనని నాకు ఒళ్లు మండింది. నా ఆటోలోనే అందరినీ తీసుకెళ్లాను.

"స్వప్న చిన్నయ్య జాడి" అని మైకులో పిలిచారు. తన పేరు వినపడకపోయేసరికి ఎవరి పిల్లో అనుకుని బాపయ్య చప్పట్లు కొట్టాడు. స్వప్న లేచి నడిచేసరికి అతని చేతులు ఆగిపోయాయి.

అసలు జరిగిందేమిటో నాకు ఆనక తెలిసింది. బడిలో చేర్పించిన రోజు గుమస్తా పేరడిగితే, తననే అడిగాడనుకుని చిన్నయ్య తన పేరు చెప్పాడు. పిల్లను తెచ్చినవాడే తండ్రి అనుకుని గుమస్తా అదే నడుమ రాసేశాడు. తర్వాత తెలిసినా బావకు చెప్పే ధైర్యం చిన్నయ్యకు లేకపోయింది. చదవడం వచ్చాక స్వప్నకూ తెలిసింది. మార్పించాలంటే బాపు ఆఫీసుల చుట్టూ తిరగాలి, పని పోతుంది. బాపు గుండె పగులుతుందని కూడా భయం. అందుకే ఏటా ఆ పేరు మీదే వేలు పెట్టి చూపించింది.

తండ్రి చిన్నయ్య వేదిక మీదికి రావాలని మళ్లీ పిలిచారు.

"నేను పోను బావా. తప్పైంది," అని చిన్నయ్య ఏడ్చాడు.

"పిల్ల ఆడ ఒక్కతే నిలబడ్డది. అందరు సూస్తున్నరు. పో," అన్నాడు బాపయ్య.

చిన్నయ్య వెళ్లాడు. ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కాలో బాపయ్య కిందే కూర్చుని చప్పట్లు కొట్టాడు. హాల్లో అంత గట్టిగా ఎవరూ కొట్టలేదు. ఎవరిని తిట్టాలో తెలియక నేను తల తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక, ఆ రోజు బొగ్గు ముట్టకపోయినా, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. సర్టిఫికెట్‌ను అంచులు పట్టుకుని చూశాడు. తన పేరేదని ఈసారి అడగలేదు. అలవాటు కొద్దీ స్వప్న వేలు ఆ నడుమ పేరు మీదికి పోయింది.

బాపయ్య ఆ వేలు పట్టుకుని మెల్లగా పక్కకు జరిపాడు.

"నీ పేరు సూపియ్యి బిడ్డా," అన్నాడు. "గది సాలు."