సున్నం గీత

నాంపల్లి, లక్డీకాపూల్ మధ్య రైలు పట్టాలు చూసే మేస్త్రి బాలమల్లు. పట్టాల మీద ఎవరైనా చనిపోతే పంచనామా అయ్యేదాకా కదపొద్దని పోలీసులు, బండి ఆపొద్దని రైల్వేవాళ్లు. ఇద్దరి తిట్లూ పడలేక అతనో పద్ధతి పెట్టుకున్నాడు. మనిషి పడ్డ తీరు తెలిసేలా చుట్టూ సున్నంతో గీసి, శవాన్ని పక్కన పడుకోబెట్టి, గోనెపట్టా కప్పి, పచ్చజెండా ఊపేవాడు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోక ఏం చేస్తారు, చేతులు అతనివే కదా.

1953లో ఒక పొద్దున ఆబిడ్స్ హోటల్లో గిన్నెలు తోమే పూలమ్మ పట్టాలు దాటుతుంటే ఇంజను తగిలింది. వెనక ఇంకో బండి ఆగి కూత మీద కూత వేస్తోంది. బాలమల్లు గబగబా గీసి, ఎత్తి, కప్పి, జెండా ఊపాడు.

గంట తర్వాత పోలీసు అమీను వచ్చి గోనె తీయబోతే రాలేదు. పూలమ్మ పిడికిలి దాని అంచును పట్టుకుని బిగుసుకుపోయి ఉంది.

"ఏందిరా, నువ్వు కప్పేటప్పుడు గీమెకు పానమున్నదా?"

"చూడలే సాబ్. బండి ఆగివుండె."

ఆ తర్వాత మూడేళ్లు, ఎవరు పడ్డా బాలమల్లు సున్నం ముట్టకముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. వెనక బండి ఎంత కూసినా వేలు తీసేవాడు కాదు.

ఒక్కరి ఊపిరీ వేలికి తగల్లేదు.