ఎడ్నా గ్రిమ్‌షా ఉతికిన తొమ్మిదో నంబరు

థార్న్‌షాలో ఎవరికైనా అనుమానం ముదిరితే “ఏం, ఎడ్నా పూనిందా?” అని అడుగుతారు. ఎడ్నా గ్రిమ్‌షా పాలసీసా మూత తీసి వాసన చూడందే టీలో పాలు పోసేది కాదు. రొట్టెల దుకాణంలో బొటనవేలితో రొట్టెను నొక్కి, “నిన్నటిదేగా?” అనేది. అప్పుడే పొయ్యిలోంచి తీసి పొగలు కక్కుతున్నదాన్ని కూడా అలాగే అడిగేది. చర్చికి కొత్త ఫాదరు వస్తే ముందు ఆయన బూట్ల మడమలు చూసేది. మడమలు ఒకవైపే అరిగితే మనిషి వంకర అని ఆమె లెక్క. మొగుడు హారీ బతికున్నన్నాళ్లూ, “నన్ను మూడేళ్లు వాసన చూసి మరీ పెళ్లాడింది” అని పబ్బులో చెప్పి నవ్విస్తుండేవాడు.

అలాంటి మనిషిని ఒకడు మూడు క్రీము కేకులతో బుట్టలో వేసుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఎడ్నా ముప్పై మూడేళ్లు థార్న్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికింది. సోమవారం పొద్దున్నే గోనెసంచిలో జెర్సీలు, నిక్కర్లు, మేజోళ్లు బురద ముద్దలుగా వచ్చి పడేవి. వంటగదిలో రాగిబాన కింద బొగ్గు రాజేసి, సోడా వేసి ఉడికించి, కర్రతో తిప్పి తిప్పి ఆమె భుజాలు మగవాడి భుజాల్లా తయారయ్యాయి. మైదానంలో ఎవడు పరుగెత్తాడో, ఎవడు నిలబడి తమాషా చూశాడో బట్టలే చెప్పేవి. “మోకాళ్లకు బురద అంటని బ్యాకు ఆటగాణ్ని నేను నమ్మను” అని కోచ్ మొహం మీదే అన్న మనిషి ఆవిడ.

యుద్ధం అయిపోయి మూడేళ్లయినా, 1948లో బట్టలకింకా రేషను కూపన్లే. జట్టుకు కొత్త జెర్సీలు కావాలంటే ఊళ్లో ఇంటింటి నుంచీ కూపన్లు వచ్చాయి. ఎదురింటి రెజ్ తల్లి చలికోటు కోసం దాచుకున్నవి కూడా ఇచ్చేసి, ఆ చలికాలమంతా చిరుగుల కోటుతోనే గడిపింది. అలా వచ్చిన ఆకుపచ్చ జెర్సీలతో మనవాళ్లు కప్పు సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఊరి చరిత్రలో అదే మొదలు, అదే చివర. ఆ ఆటలో తొమ్మిదో నంబరు క్లెమ్ ఆస్పిన్ రెండు గోల్స్ కొట్టాడు. అయినా ఓడిపోయారు. ఆ నవంబరులోనే కొండదారిలో మోటారు సైకిలు జారి క్లెమ్ చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు.

తక్కినవాళ్లు జెర్సీ విప్పి మూలకు విసిరేవారు. క్లెమ్ మడతపెట్టి గోనెలో అన్నిటికన్నా పైన పెట్టేవాడు. సెమీఫైనల్ అయిన మర్నాడు జెర్సీ చేత్తో పట్టుకుని స్వయంగా ఎడ్నా వాళ్ల పెరటి గుమ్మం దగ్గరికొచ్చి, “ఎడ్నా, ఎడమ భుజం దగ్గర చిరిగింది. నీకు పని పెంచాను, ఏమీ అనుకోకు” అన్నాడు. ముప్పై మూడేళ్లలో ఏమీ అనుకోకన్నవాడు అతనొక్కడే. ఆ చిరుగుకు ఆమె హారీ మేజోడు అంచులోంచి దారం లాగి రఫూ చేసింది.

నలభై ఏళ్ల తర్వాత పెల్హామ్ అనే పెద్దమనిషి వచ్చి తలుపు తట్టాడు. ఎడ్నా అలవాటు చొప్పున బూట్ల మడమలు చూసింది. రెండూ సమానంగా అరిగాయి. ఆ బూట్లు అబద్ధమాడాయి, ఇంకేం చెప్పను! ఫుట్‌బాల్ వెనక పనిచేసినవాళ్ల మీద పుస్తకం రాస్తున్నానన్నాడు. “ఆటగాళ్ల గురించి అందరూ రాస్తారండీ. ఆ బట్టలు ఉతికిన చేతుల గురించి ఎవరు రాశారు?” అన్నాడు.

ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. హారీ కూడా అడగలేదు. అతను తెచ్చిన మూడు కేకులూ తినేలోపు రాగిబాన గురించి, సోడా గురించి, క్లెమ్ భుజం చిరుగు గురించి, ఆ చిరుగు ఎన్ని అంగుళాలో కూడా చెప్పేసింది. వారం తర్వాత అతను అదంతా టైపు చేయించి తెచ్చాడు. ఆమె అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది, కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి కూడా చూసింది. రాసిన ప్రతి ముక్కా నిజమే. సంతకం పెట్టింది.

ఆ తర్వాతి వసంతంలో ఒక గురువారం రెజ్ పెరటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. బస్సు డ్రైవరుగా రిటైరై, జట్టు అభిమానుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. గురువారం టీకి రావడం అతనికి ఇరవై ఏళ్ల అలవాటు. చేతిలో వేలం పాట కేటలాగు ఉంది.

“ఒసే ఎడ్నా! ఇంత పని చేసి నోరు మెదపలేదేం? క్లెమ్ జెర్సీ మాంచెస్టరులో వేలానికొస్తోంది. సాక్ష్యం నీదే! నీ పేరు అచ్చులో పడింది చూడు. కొత్త క్లబ్బు హాల్లో పెట్టడానికి ఊరంతా చందాలేసుకుంటున్నారు.”

ఫొటోలో ఆకుపచ్చ జెర్సీ, వీపున తెల్లగా తొమ్మిది, ఎడమ భుజాన రఫూ. పక్కనే పెల్హామ్ టైపు చేయించిన ఆమె ఉత్తరం, కింద ఆమె సంతకం. క్లెమ్ జెర్సీ ఎక్కడుందో ఆమెకు తెలుసు. రెజ్ ఆ క్షణాన బూట్లతో దానిమీదే నిలబడి ఉన్నాడు.

అందులో దాపరికమేమీ లేదు. ఆ రోజుల్లో జెర్సీని ఎవరూ అద్దాల బీరువాలో పెట్టేవారు కారు. సీజను అయిపోగానే ఎడ్నా అంకెలు విప్పేసేది. తెల్లగుడ్డకూ కూపన్లే కాబట్టి అవే అంకెలు కొత్త జెర్సీల మీదికి ఎక్కేవి. పాత జెర్సీలు రెండో జట్టుకు, అక్కణ్నుంచి కుర్రాళ్ల జట్టుకు పోయేవి, పిండిసంచుల గుడ్డతో కత్తిరించిన వేరే అంకెలతో. క్లెమ్ చనిపోయేనాటికే అతని తొమ్మిది మూడైంది, తర్వాత పది అయింది. భుజం మీది రఫూ చూసి ఎడ్నా దాన్ని ప్రతిసారీ గుర్తుపట్టేది. 1954లో మోచేతులు పోయాక, “పేలికలకు వాడుకో” అని కోచ్ ఆమె మీద పడేశాడు. మన ఇళ్లలో పేలికలు దేనికి వాడతారు? పీలికలుగా కత్తిరించి, గోనె మీద కొక్కెంతో అల్లి పట్టా చేస్తారు. క్రిస్మసుకు కొత్త పట్టా కుంపటి ముందు పడుతుంది, పాతది వంటగదికి పోతుంది, మరీ పాతది పెరటి గుమ్మానికి. క్లెమ్ జెర్సీని బయట పారేయడానికి ఎడ్నాకు మనసొప్పలేదు. కుంపటి ముందు పెట్టుకుంది. కాలం గడిచి అది గుమ్మం దాకా వచ్చింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే, ఊరి హాల్లో ఒక అబద్ధం వేలాడుతుంది, దాని కింద తన పేరుంటుంది. నోరు తెరిస్తే, ఎడ్నా గ్రిమ్‌షా క్రీము కేకులకు పడిపోయిందని, క్లెమ్ జెర్సీని కాళ్లపట్టా చేసిందని ఊరంతా చెప్పుకుంటుంది. మింగలేక, కక్కలేక మూడు వారాలు గడిపింది. చివరికి, “నేనూ వస్తాను రెజ్, కళ్లతో చూడందే కొనకు” అని మాత్రం అంది.

“నీ చేత్తో ఉతికినదాన్ని కూడా అనుమానిస్తావుటే!” అని రెజ్ పగలబడి నవ్వాడు.

వేలం పాటకు ముందు సరుకు చూడనిస్తారు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న అమ్మాయి అడ్డం వచ్చి, “ముట్టుకోకూడదండీ” అంది.

“నేను ముట్టుకోని మురికి ఇందులో ఏముంటుందమ్మా? నువ్వే లోపలివైపు తిప్పి చూపించు.”

అమ్మాయి తిప్పింది. రఫూ సరిగ్గా తాను చెప్పిన చోటే, చెప్పినన్ని అంగుళాలే ఉంది. తాను చెప్పింది చెప్పినట్టే ఎవరో కుట్టిపెట్టారు. వీపువైపు మాత్రం తొమ్మిది చుట్టూ ఒక్కటంటే ఒక్కటే సూదికన్నాల వరస ఉంది. మూడు లేదు, పది లేదు. ఆ సంగతి ఎడ్నా పెల్హామ్‌కు చెప్పలేదు. దాచిందని కాదు, అదొక చెప్పుకునే విషయమని తట్టక.

ఆ జెర్సీ వంతు వచ్చింది. వేలం వేసే ఆయన ఆమె ఉత్తరాన్ని పైకి చదివి, “ఈ మాటలు రాసిన శ్రీమతి గ్రిమ్‌షా ఈరోజు మన మధ్యే ఉన్నారు” అన్నాడు. పొద్దున ఆయన మనుషులకు గొప్పగా చెప్పుకొచ్చింది రెజ్జే. హాలంతా చప్పట్లు కొట్టారు. ఎడ్నా ఆ చప్పట్లలోనే లేచి నిలబడింది.

“ఉత్తరం నాదే. జెర్సీ మాత్రం క్లెమ్‌ది కాదు.”

చప్పట్లు ఆగిపోయాయి. వేలం వేసే ఆయన చిరునవ్వు చెదరనివ్వలేదు. “అమ్మా, సంతకం మీదే కదా?”

“నాదే.”

“మరి అబద్ధం చెప్పింది అప్పుడా, ఇప్పుడా?”

“రెండుసార్లూ నిజమే చెప్పాను. మధ్యలో దూరిన అబద్ధం మీది. ఆ జెర్సీకి ఒక్క వరస కన్నాలే ఉన్నాయి. క్లెమ్ దానికి మూడు వరసలుండాలి, కుట్టిందీ విప్పిందీ నేనే.”

“పోనీ, అసలు జెర్సీ ఎక్కడుందంటారు?”

ఎడ్నా ఒక్కసారి రెజ్ వైపు చూసింది. “మా పెరటి గుమ్మంలో ఉంది. దానికి కాళ్లు తుడుచుకుంటున్నాం.”

హాలు గొల్లుమంది. వెనక వరసలో పెల్హామ్ కోటు భుజం దులుపుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరో అంత స్పష్టంగా కనబడుతున్నా, అటు చూసినవాడు లేడు. అందరూ ముసలిదాన్నే చూస్తున్నారు.

“ఉత్తరం ఉంది, సంతకం ఉంది. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం” అని ఆయన పాట మొదలుపెట్టాడు. థార్న్‌షా నుంచి వచ్చిన పదిమందీ రెజ్ చేతిలోని, పాటకు ఎత్తే నంబరు అట్టముక్క వైపు చూశారు. రెజ్ దాన్ని సగం దాకా ఎత్తాడు. ఎడ్నా మొహం చూశాడు. మెల్లగా దించి జేబులో పెట్టుకున్నాడు. టెలిఫోనులో ఎవరో లండన్ మనిషి పాడుకున్నాడు, ఎడ్నా సంతకంతో సహా.

తిరుగు బస్సు సగం దారికొచ్చాక రెజ్ అడిగాడు.

“ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఊరంతా చందాలిచ్చారు. ఇప్పుడు వాళ్లకేం చెప్పను? ఆ జెర్సీ గానీ నిజమైందే అయితే... నీకెందుకో ఇష్టం లేక అలా అన్నావేమోనని...”

“నన్ను అనుమానిస్తున్నావా రెజ్?”

రెజ్ కిటికీ వైపు తిరిగాడు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ ఎడ్నాకు అప్పుడు తెలిసింది, అనుమానం అవతలివాడికి ఎంత చేదుగా ఉంటుందో. పాలవాడు, రొట్టెలవాడు, ఫాదరు, పాపం హారీ, అందరూ వరసగా గుర్తొచ్చారు. ఏడుపొచ్చింది. బస్సులో ఏడవడం ఇష్టం లేక ముక్కు చీదింది.

ఇంటికి చేరాక రెజ్‌నూ లోపలికి పిలిచింది, కోటైనా విప్పలేదు. పెరటి గుమ్మంలోంచి పట్టా లాక్కొచ్చి వంటబల్ల మీద బోర్లా పడేసింది. బొగ్గుదుమ్ము లేచింది. కొక్కెం తీసుకుని ఒక మూల నుంచి ఆకుపచ్చ పీలికలు ఒక్కొక్కటీ లాగి, తడిగుడ్డతో తుడిచి, పక్కపక్కన పేర్చింది. ఆకుపచ్చంతా ఉతుకుల్లో వెలిసిపోయింది. ఒక్కచోట మాత్రం రంగు ముదురుగా ఉంది, ఏదో కప్పి ఉంచినట్టు. నాలుగో పీలిక పెట్టేసరికి ముదురు రంగు వంపు తిరిగింది. ఏడోది పెట్టేసరికి తొమ్మిది పొట్ట కనబడింది. దాని చుట్టూ మూడు వరసల కన్నాలున్నాయి. ఒక కన్నంలో పిండిసంచి దారం ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది. చివరి పీలిక మీద హారీ మేజోడు దారంతో చేసిన రఫూ ఉంది.

రెజ్ టోపీ తీశాడు.

“మా అమ్మ కోటు కూపన్లు...” అని ఆగిపోయాడు. “ఇరవై ఏళ్లుగా దీనిమీద బూట్లు తుడుచుకుంటున్నానే ఎడ్నా!”

“తుడుచుకోమని అరిచింది నేనేగా. కూర్చో, టీ పెడతాను.”

పట్టా క్లబ్బు హాలుకెక్కింది. విప్పిన మూల విప్పినట్టే, పీలికలు అట్ట మీద పేర్చినవి పేర్చినట్టే. పెట్టేముందు రెజ్ కాగితం, కలం తెచ్చాడు.

“నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. కింద తగిలిద్దాం. రేపు ఎవడైనా అడిగితే?”

“నా సంతకం లండన్‌లో ఎవడి గోడ మీదో అబద్ధానికి కాపలా కాస్తోంది. ఇంకోటి పెట్టను. అద్దం కూడా పెట్టకండి. నమ్మనివాళ్లను వచ్చి కన్నాలు లెక్కపెట్టుకోమను.”

అలాగే ఉంచారు. ఆట ఉన్న ప్రతి శనివారం ఎడ్నా అందరికన్నా ముందొచ్చేది. అద్దాలు పెట్టుకుని, పట్టా మూల ఎత్తి, వేలితో తడుముతూ మూడు వరసలూ లెక్కపెట్టేది. ఒకరోజు రెజ్ ఉండబట్టలేక అడిగేశాడు.

“ఇచ్చింది నువ్వేగా తల్లీ, మళ్లీ ఈ లెక్కేమిటి?”

“ఇచ్చింది నేనే” అంది ఎడ్నా, లెక్క ఆపకుండా. “తాళంచెవులు ఉన్నది మీ దగ్గర.”