కోడలి ముందు చెప్పిన జవాబు

నా పెద్దపేగులో కేన్సర్ గడ్డ ఉన్న ముక్కను కోసి తీసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే డాక్టరు వచ్చి ఒకటే అడిగేవాడు.

"బాబూజీ, గ్యాస్ పాస్ హువా?"

వాయువు పోతే పేగు మళ్లీ కదులుతోందని అర్థం. అబ్బాయి స్టీలు ప్లాంటు డ్యూటీలో ఉండేవాడు. మా ఆవిడ లేదు. మంచం పక్కన ఉండేది కోడలే. సెక్టర్ 2 క్వార్టర్లో ఇన్నేళ్లు కలిసి ఉన్నా, ఆమె ఎదుట నేను బనీనుతో కూడా కూర్చోలేదు.

మూడో రోజు "హా జీ, హో గయా" అన్నాను. పోయిందని చెప్పానే కానీ, నిజానికి పోలేదు. కడుపు బిగుసుకుని ఉంది. సాయంత్రం డైరీలోనూ "గ్యాస్ పోయింది" అనే రాశాను. ఫర్నేసు దగ్గర మీటరు చూడకుండా రీడింగు రాసినవాళ్లను ఉద్యోగమంతా తిట్టినవాణ్ణి.

మర్నాడు డాక్టరు రక్తపరీక్ష రిపోర్టుతో వచ్చాడు. అందులో సీఆర్‌పీ అని ఒకటి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే అది పెరుగుతుంది. ఆపరేషన్ కాగానే ఎవరికైనా పెరిగేదే, ఈపాటికి దిగాలి. నాది ఇంకా ఎక్కింది.

"గ్యాస్ గయా బోలే థే న, బాబూజీ?"

పోయిందన్నారు కదా అని. నేను కిటికీ వైపు చూశాను.

"నహీ గయా, డాక్టర్ సాబ్," అంది కోడలు. నా వైపు తిరిగి, "ఏటి మావయ్యా! రాత్రీ పగలూ ఇక్కడే ఉన్నాను, నాకు తెలీదేటి? పెద్దవారు అబద్ధం ఆడతారేటని ఊరుకున్నాను."

పక్క మంచం మీది ఛత్తీస్‌గఢీ ముసలాయన నవ్వాడు. "సియాన్ హ లజావత్ హే." పెద్దాయన సిగ్గుపడుతున్నాడట.

ఆ రోజే స్కాన్ తీశారు. కుట్టు దగ్గర పేగు కారుతోంది. మళ్లీ కోశారు. రక్తం చెప్పకపోతే నా మాట నమ్మి ఆగేవాళ్లమని, అప్పుడు ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు మెత్తగానే చెప్పాడు. కోడలు వింటూ నిలబడింది.

ఇప్పుడు పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు, మలమూ వాయువూ అందులోకే పోతాయి. కొన్ని నెలలకు తీసేస్తారట. అది నన్ను అడగదు. భోజనాల దగ్గర, ఎవరైనా వచ్చినప్పుడు, దానంతటది చప్పుడు చేస్తుంది. అలాంటప్పుడల్లా కోడలు వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేస్తుంది. రోజూ ఇంత పచ్చడి ఎవరు తింటారని అనుకునేవాణ్ణి.

నిన్న మంచినీళ్ల కోసం లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. జార్ ఖాళీగా తిరుగుతోంది.

వెనక్కి వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాను. కాసేపటికి ఆమె వచ్చింది.

"ఇంకాస్త అన్నం పెట్టమంటారేటి మావయ్యా?"

తలెత్తకుండా పెట్టమన్నాను.