ఎత్తిన అరచేయి

హోసూరు కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మాస్టారిని నేను ఇప్పటికీ క్షమించలేదు. అరచేయి ఎత్తి మనిషిని ఆపడం ఆయన అలవాటు. రికార్డులో ఒక్క బొమ్మకు పేరు తప్పితే చాలు, ఆ చేయి లేచేది. "ఆగప్పా! సరి చేయకుండా యాడికి పోతావు?" నా రికార్డును నాలుగుసార్లు తిప్పి పంపారు.

కణవిభజన పాఠమూ ఆ చేత్తోనే చెప్పారు. కణం రెండుగా చీలే ముందు కొన్ని ప్రోటీన్లు దాన్ని ఆపి, లోపల ఏదైనా దెబ్బతిన్నదేమో చూస్తాయట. "మీ బాగలూరు తోటల్లో చెడిన రోజాలు ఏరి పారేసేవాళ్ళ మాదిరప్పా. చెడినదాన్ని ముందుకు పోనియ్యవు. ఆ ప్రోటీనే చెడిందంటే ఆపేవాళ్ళుండరు. కణాలు పెరిగి పెరిగి గడ్డ అవుతుంది."

అప్పటికే ఆయన మెడ మీద నిమ్మకాయంత గడ్డ ఉంది. నేనొక్కడినే లేచి అడిగాను. "సార్, మీ గడ్డ డాక్టరుకు చూపించినారా?"

చేయి లేచింది. "కూచోప్పా. ముందు నీ రికార్డు సరిగా రాయి, తర్వాత నాకు వైద్యం చేద్దువు."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నేను మరవలేదు.

రెండేళ్ళకు, కృష్ణగిరిలో నేను పనిచేసే ల్యాబుకే ఆయన గడ్డ ముక్క పరీక్షకు వచ్చింది. స్లైడు నేనే చేశాను. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, "ముందే వచ్చుంటే బాగుండేదప్పా" అంది.

బయట బెంచీ మీద ఆయన నన్ను గుర్తుపట్టారు. "స్లైడు బాగా వచ్చిందా అప్పా?"

"తప్పుల్లేవు సార్" అన్నాను.

నన్ను నాలుగుసార్లు ఆపారు. ఆయన్ని నేను ఆపబోయింది ఒక్కసారి. ఆ ఒక్కసారీ ఆపనివ్వలేదు.