మామ్మ వాయిదా వేసిన మొక్కు

ఏలూరు బస్టాండులో ద్వారకా తిరుమల బస్సు వచ్చి ఆగితే బోర్డు చదవక్కర్లేదు. తలుపు తెరవగానే ముందు తడి గంధం వాసన దిగుతుంది, దాని వెనకాల నున్నటి గుండ్లతో తాతలు, మనవలు, ఒళ్ళో చంటిపిల్లలు, ప్రసాదం సంచులు నలగకుండా పట్టుకున్న అత్తగార్లు ఒక్కొక్కరే దిగుతారు. ఆఫీసు తొందరలో ఉన్నవాళ్ళు ఆ గుంపుని తప్పుకుని పోతారు. నేనూ ఆఫీసుకే పోవాలి గానీ, కాసేపు అక్కడే నిలబడిపోతాను. వాళ్ళకది భక్తి వాసన. నాకు మాత్రం అది మా మామ్మ చిన వెంకన్నతో మూడేళ్ళపాటు నడిపిన వ్యవహారం వాసన.

మా ఊరు పెంటపాడు దగ్గర, కాలవ గట్టు మీద. తొలకరికి కాలవ వదిలిన రోజు ఎర్రనీళ్ళు ముందు, పిల్లలం వెనక, మా వెనక తిట్టుకుంటూ మా అమ్మలు పరిగెత్తేవాళ్ళం. నాట్లప్పుడు మోకాళ్ళ దాకా బురద, వరి నూర్చే మాసూళ్ళప్పుడు ఒళ్ళంతా దురద, మధ్యలో అట్లతద్దికి చీకటుండగానే లేచి గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని, ఉయ్యాలలూగి, సాయంత్రం అట్లు తినలేక తింటూ ఆయాసపడడం; చలికాలం తేగలు, ఎండాకాలం ముంజెలు, వారానికి రెండుసార్లు కొల్లేరు వైపు నుంచి మోపెడ్ మీద వచ్చే చేపల బుట్ట. ఆ బుట్ట చుట్టూ మామ్మ చేసే బేరం వినడానికి చేపలు తిననివాళ్ళు కూడా వచ్చేవారు. మామ్మ అంటే నాన్నవాళ్ళ అమ్మ. దేవుడితో కూడా అదే గొంతుతో మాట్లాడేది, కౌలు రైతుని పిలిచి పొలం సంగతి కనుక్కున్నట్టు. రోజూ పొద్దున్న నన్ను గడప మీద కూలేసి, గిన్నెడు కొబ్బరినూనె తలకి పట్టించి, కళ్ళు చెవుల్లోకి జరిగిపోయేంత బిగించి జడ వేసేది. పదేళ్ళకే నా జడ నడుం దాటింది. అందులో నా గొప్పతనం ఏమీ లేదు, నేను దాన్ని మోసేదాన్నంతే.

ఐదో తరగతిలో ఉండగా నాకు జ్వరం వచ్చి తగ్గలేదు. కాళ్ళ మీద కమిలినట్టు మచ్చలు లేచాయి. అందరూ ముందు మా శేషగిరి మాస్టార్ని అనుమానించారు. ఆయన జీవితంలో బెత్తం పట్టిన మనిషి కాదు, అయినా మా నాన్న వెళ్ళి గట్టిగానే అడిగి వచ్చాడు. గూడెం టౌన్లో రక్తపరీక్ష చేశాక మాస్టారు నిర్దోషి అని తేలింది, నాకు రక్త కేన్సరు అని కూడా తేలింది. విజయవాడ ఆసుపత్రిలో డాక్టరమ్మగారు చాలా నెమ్మదిగా చెప్పారు: పిల్లల్లో ఇది ఎక్కువమందికి నయమవుతుంది, కానీ రెండేళ్ళ పైన మందులు వాడాలి, మొదటి నెలలు కష్టం, మాట మాత్రం ఇవ్వలేను. అమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నాన్న టీ తెస్తానని వెళ్ళి ఖాళీ ఫ్లాస్కుతో తిరిగొచ్చాడు. మామ్మ మాత్రం లేచి, వరండాలో వేలాడుతున్న వెంకన్న కేలండరు ఎదురుగా నిలబడి, "నాయనా, నా పండుని నిలబెట్టు, దాని తలనీలాలు నీ కొండకొచ్చి ఇస్తాను" అని ఖరారు చేసేసింది. తల నాది, మాట ఆవిడది. నన్నెవరూ సంప్రదించలేదు.

మూడు వారాలయ్యాక మందుల దెబ్బకి జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, అన్నం కంచంలో, అమ్మ చీర మీద, ఎక్కడ చూసినా నేనే. అమ్మ నాకు కనపడకుండా ఏడ్చేది, నేను చూశానని తనకి తెలియనిచ్చేదాన్ని కాదు, అలా ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం బాగానే మోసం చేసుకున్నాం. మామ్మ మాత్రం రాలిన ప్రతి వెంట్రుకా ఏరి పసుపుగుడ్డలో మూట కట్టేది. వారం తిరిగేసరికి నా తల కోడిగుడ్డులా తేలింది. ఆ రోజు మామ్మ అన్నం తినలేదు. నా అందం పోయిందని కాదు. దేవుడికిస్తానన్నది దేవుడి దగ్గరికి చేరకముందే పోయింది, మొక్కు చెడింది, ఇక ఆయన ఈ పిల్లని ఎందుకు చూస్తాడు? అదీ ఆవిడ భయం. ఎవరితోనూ అనలేదు గానీ, పసుపుగుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు చూస్తే నాకే అర్థమైంది.

ఇక్కడ మా ఊరి పరామర్శ గురించి చెప్పాలి. మా వైపు ఎవరికైనా జబ్బు చేస్తే వెళ్ళి చూడకపోవడాన్ని మించిన తప్పు లేదు. వెళ్ళాలి, మంచం పక్కన కూర్చోవాలి, నుదుటి మీద చెయ్యి వెయ్యాలి, తమ చుట్టాల్లో అదే జబ్బుతో పోయినవాళ్ళ పేర్లు చెప్పి ధైర్యం చెప్పాలి, బత్తాయిలు పెట్టి రావాలి. డాక్టరమ్మగారేమో పిల్లకి రోగాన్ని ఎదుర్కొనే శక్తి బాగా తగ్గింది, ఇంట్లోకి జనం రాకూడదు, పూలు కూడా వద్దు అన్నారు. ఊరందరికీ పరామర్శ గొంతులో అడ్డం పడ్డట్టు అయిపోయింది. చివరికి పక్కింటి సత్యవతి పిన్ని దారి చూపించింది. మా వీధిగది కిటికీకి బాగా ఎడంగా, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమ్మా పండూ, ఎలా ఉందే?" అని కేకేసింది. మర్నాటికి రెండు కుర్చీలయ్యాయి. వారానికి ఎనిమిదయ్యాయి. షామియానాలు అద్దెకిచ్చే ఆయన ఎండగా ఉందని చిన్న పందిరి కూడా వేసి వెళ్ళాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి పొలం పనులు ముగించుకున్నవాళ్ళు, కొట్టు కట్టేసినవాళ్ళు వచ్చి కూర్చునేవారు, కాలవ నీళ్ళ తగాదాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ అక్కడే తేలేవి. ఒక్కోసారి నన్ను చూడ్డానికి వచ్చిన సంగతి మర్చిపోయి, "పాపా, కాస్త పక్కకి జరుగు, లోపల టీవీ కనపట్టం లేదు" అనేవారు.

మొదట్లో కొందరు నన్ను చూడగానే ఏడ్చేసేవారు. నేను ఊచల్లోంచి, "ఏడ్చేవాళ్ళు కుర్చీ ఖాళీ చెయ్యాలండీ, వెనక నవ్వేవాళ్ళు నిలబడి ఉన్నారు" అన్నాను. ఏడుస్తున్నావిడ కళ్ళు తుడుచుకోకుండానే ఫక్కున నవ్వింది. అంతవరకూ ఇంట్లో నేను చేసే పని ఏమీ ఉండేది కాదు, మందు మింగడం, కక్కడం తప్ప. ఆ రోజు నాకొక ఉద్యోగం దొరికినట్టయింది. రేపు ఎవరెవరు వస్తారో, ఎవరిని ఏం అనాలో రాత్రే ఆలోచించి పెట్టుకునేదాన్ని.

ఆ పందిట్లోనే మామ్మ తన సమస్య బయటపెట్టింది. చర్చ రెండు సాయంత్రాలు సాగింది. రాలిన జుట్టు మూట హుండీలో వేస్తే చాలని ఒకరు, తలనీలాలంటే కత్తి పడాల్సిందేనని ఇంకొకరు. సత్యవతి పిన్ని తన జుట్టు ఇస్తానంది. శేషగిరి మాస్టారు తన బట్టతల నిమురుకుని, మామ్మతో, "నేనూ ఇద్దును గానీ మాణిక్యమ్మగారూ, నా వాటా ఆయన అడక్కుండానే పట్టుకుపోయాడండి" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "జుట్టు మళ్ళీ మొలుస్తుంది కదండీ, అప్పుడే ఇవ్వండి. ఎక్కడికి పోతాడాయన?" అన్నారు.

మామ్మ లేచి ఇంట్లోకి వచ్చి దేవుడి గూడు ముందు నిలబడింది. "విన్నావుగా. అది మొలవాలి, పెరగాలి, అప్పుడు ఇస్తాను. అది పెరగాలంటే పిల్ల ఉండాలి. ఆ పూచీ నీదే" అంది. ఆ పూట రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకుంది.

ఆ తర్వాత రోజులన్నీ చెడ్డవే అంటే అబద్ధం. ఉప్పు తక్కువ, కారం లేదు, పచ్చివి వద్దు అని చీటీ ఇచ్చారు కాబట్టి, ఉడకబెట్టిన కూరల్లో ఎన్ని రకాలుంటాయో కనిపెట్టడానికి మా వీధి ఆడవాళ్ళు పోటీ పడ్డారు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో పొద్దున్నే గూడెంలో రైలెక్కే ఎవరో ఒకరి చేతిలో కేరియరు ఉండేది. అది ఉంగుటూరు, ఏలూరు దాటుకుని మా దగ్గరికి వచ్చేసరికి, "మా ఆవిడ కూడా కొంచెం పెట్టింది" అంటూ దారిలో ఇంకో రెండు గిన్నెలు తోడయ్యేవి. మేం తినగా మిగిలింది పక్కమంచాలకి వెళ్ళేది. పిన్ని కిటికీ అవతలా నేను ఇవతలా అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. నా గవ్వలు నేను వేసుకునేదాన్ని, నా కాయలు కూడా తనే జరిపేది, జరపడంలో మోసం చేసేది, కేన్సరు పిల్ల అని జాలి ఉండేది కాదు. ఒక్క వానాకాలంలో మాత్రం జ్వరం పట్టుకుని పన్నెండు రోజులు ఆసుపత్రి కదలనివ్వలేదు. అప్పుడు మా ఖాళీ కిటికీ ముందే కుర్చీలు వేసుకుని రోజూ భజన చేశారట. శేషగిరి మాస్టారు పాడారని తర్వాత తెలిసింది. ఆ మందులతో పాటు నేను తట్టుకోవాల్సినవాటిలో ఆయన పాట చేరలేదు, అదృష్టం.

జుట్టు మళ్ళీ వచ్చింది. ముందు నూగులా, తర్వాత ఏలూరు తివాచీలా ఒత్తుగా, ఆపైన ఉంగరాలు ఉంగరాలుగా. అంతకుముందు నాది సూటి జుట్టు. "నేను మొక్కింది ఇది కాదే" అని మామ్మ అనుమానంగా చూసింది. అంతకంటే పెద్ద చిక్కు తర్వాత వచ్చింది. మందులు ఆపేద్దాం, ఇక చెకప్పులకి వస్తే చాలని డాక్టరమ్మగారు అన్న రోజు వీధంతా పరవాన్నం వండుకుంది, చిన్న తిరుపతికి, అంటే ద్వారకా తిరుమలకి, వేన్ మాట్లాడింది. మామ్మ మూఢం అంది. మాస్టారు పంచాంగం తెచ్చి లేదన్నారు. మోకాలు నొప్పి అంది. తగ్గాక మాసూళ్ళు అయిపోనీ అంది. మాసూళ్ళు అయిపోయాయి, నా జుట్టు మెడ దాటింది, వేన్ ఆయన ఫోనెత్తడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం మామ్మ చింతపండు పిక్కలు తీస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "నా జుట్టు మీద నీకింత ప్రేమేంటి మామ్మా? ఇచ్చేద్దాం పద."

మామ్మ తల ఎత్తలేదు. "ఇచ్చేస్తే ఆయన పని అయిపోద్ది కదే పిచ్చిదానా. ఆ తర్వాత నిన్నెవరు చూసుకుంటారు?"

రెండు పిక్కలు తీసిపెట్టాను. జబ్బు తిరగబడుతుందేమోనని ఇంట్లో అందరికీ లోపల ఉంది. దాన్ని ఆపడానికి ఒక పథకం వేసింది మాత్రం ఆవిడ ఒక్కతే. చివరికి అన్నాను, "అయితే కొండ మీదే ఇంకోటి మొక్కేసుకో. నా గుండు ఆరేలోపు."

చింతపండు చేత్తోనే నా గడ్డం పట్టుకుంది. "ఇది నాకు తట్టలేదేంటే!"

ఆ శనివారమే వెళ్ళాం, వేన్‌లో పద్నాలుగు మంది, డ్రైవరుతో కలిపి. కల్యాణకట్టలో నీళ్ళు చల్లి కత్తి పెడుతుంటే అమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి నాకు కనపడేలాగే. తలంతా గంధం రాసుకుని, మెట్ల మీద అందరూ గోవిందా అంటుంటే నేను కూడా అన్నాను, మొహమాటానికి కాదు. నయం చేసింది డాక్టరమ్మగారి మందులేనని నాకు తెలుసు. ఆ మందులు మింగే రోజుల్లో నన్ను లేపి కూర్చోబెట్టింది ఏంటో కూడా తెలుసు. రెండూ తెలిసినందువల్ల నాకే ఇబ్బందీ లేదు. దర్శనం దగ్గర మామ్మ పెదాలు కదిలాయి. నేను పదో తరగతి పాసైతే నూటెనిమిది కొబ్బరికాయలట. అవి కొట్టిన రోజునే ఇంటర్‌కి ఇంకోటి. డిగ్రీకి ఇంకోటి. ఆవిడ దగ్గర ఎప్పుడూ నా పేరు మీద ఒక మొక్కు పొయ్యి మీద పాలలాగా ఉండేది, దింపడం ఆలస్యం ఇంకో గిన్నె ఎక్కేది.

రెండేళ్ళ కిందట, భోజనం చేసి పడుకున్న మామ్మ మరి లేవలేదు. అంతకు వారం ముందు అమ్మతో అందట, "పండు పేరున ఇంకోటి మొక్కాను" అని. "ఏం మొక్కారు అత్తయ్యగారూ?" అని అడిగితే, "చెప్పను. చెబితే తీర్చేస్తారు" అందట. ఇప్పటికీ అదేంటో ఎవరికీ తెలియదు. తీర్చే దారి లేదు. మాస్టారు కొన్నాళ్ళు ఊహించడానికి ప్రయత్నించారు, అమ్మ ఆయన్ని గట్టిగా ఆపింది.

వీధిగది కిటికీకి ఇప్పుడు అద్దాల తలుపులొచ్చాయి, రోడ్డు వెడల్పులో వాకిలి పోయింది. ఎవరికైనా బాగోకపోతే ఫోన్లో దణ్ణం బొమ్మ వస్తుంది, వందమంది పెడతారు, ఎవరూ కాలు మీద కాలేసుకుని కూర్చుని కాలవ తగాదా మాట్లాడరు. అష్టాచెమ్మాలో మోసం చేసే మనిషి కూతురి దగ్గర హైదరాబాదులో ఉంటోంది.

నేను మాత్రం రెండు వారాలకోసారి విజయవాడ రైలెక్కి అదే ఆసుపత్రి పిల్లల వార్డుకి వెళ్తాను. అక్కడ నా పని చాలా తేలిక. కొత్తగా వచ్చిన తల్లులు "జుట్టు మళ్ళీ వస్తుందాండీ?" అని అడుగుతారు, నేను వెనక్కి తిరిగి కూర్చుని జడ లాగి చూడమంటాను. పిల్లలు లాగుతారు, గట్టిగా లాగుతారు. మొన్న కొల్లేరు లంకల నుంచి వచ్చిన ఆరేళ్ళవాడు రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. వాళ్ళమ్మ వాణ్ణి విడిపించి, నన్ను పక్కకి తీసుకెళ్ళి మెల్లిగా అడిగింది, "వీడి తలనీలాలు చిన్న తిరుపతికి మొక్కానండి. మందులయిపోయాక ఎన్నాళ్ళలోపు ఇచ్చెయ్యాలంటారు?"

"తొందరేం లేదండి," అన్నాను.