మూఁడు ఉతుకులు

పగ తీర్చుకోవడానికి బడి కంటే మంచి చోటు లేదని నేను ఒకప్పుడు నమ్మాను. నమ్మి, దానికి చదువు అని పేరు పెట్టుకున్నాను.

పంతొమ్మిదివందల యాభైల మొదట్లో ఆదోనిలో ఒక వారపత్రికకు రెండేళ్లు వార్తలు రాశాను. పెళ్లి పత్రికలు, పత్తి ధరలు, మా వార్తలు అన్నీ ఒకే అచ్చుకూటంలో, ఒకే సిరాతో అచ్చయ్యేవి. ఒకరోజు పనికి వెళ్లేసరికి నా కుర్చీలో మా పత్రికకు ప్రకటనలిచ్చే రంగుల వ్యాపారి మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. సంపాదకుడు తలెత్తకుండానే, "నీకు రేపట్నుంచి పని లేదప్పా" అన్నాడు. నేను ఎమ్మిగనూరు వచ్చి హైస్కూల్లో తెలుగు అయ్యవారినయ్యాను. కడుపులోని మంట మాత్రం నాతోపాటే బస్సెక్కి వచ్చింది.

ఆ బడిలో పై తరగతి పిల్లలు ఒక రాతపత్రిక నడిపేవారు. నెలకొకసారి చేత్తో రాసి వసారా గోడకు వేలాడదీసేవారు. ఊళ్లోవాళ్లు కూడా వచ్చి చదివేవారు. పిల్లలకు వార్త రాయడం నేర్పమని ఆ పని నాకు అప్పగించారు. నేను మాత్రం వార్త వేషం కట్టిన ప్రకటనను పట్టుకోవడం నేర్పాను. అందుకు మాకు వాచకం ఆ సంపాదకుడి పత్రికే. ప్రతి వారం తెప్పించేవాణ్ణి.

"ఈ నూనె సంగతి వార్తేనా?" అని అడిగేవాణ్ణి.

"వార్తే కద సార్, వార్తల పక్కనే ఉంది."

"పంక్తిలో కూర్చున్నవాళ్లంతా పిలిచినవాళ్లేనా రా? ఈ మాట ఎవరన్నారు? రాసినవాడు అక్కడికి పోయి చూశాడా? కాదనేవాణ్ణి ఒక్కణ్ణయినా అడిగాడా?"

"అవేమీ లేవు సార్. అంగడి యాడుందో మాత్రం బో బాగా సెప్పినాడు, మసీదుకు ఎదురుగ్గా అని."

అందరూ నవ్వేవారు. ఎర్ర పెన్సిల్ చేతికిచ్చేవాణ్ణి. పిల్లలు గీసే ప్రతి గీతా ఆ సంపాదకుడి వీపు మీద పడ్డట్టు నాకు హాయిగా ఉండేది. పాఠం మంచిదే. చెప్పిన నోరే మంచిది కాదు.

ఒకరోజు ఒక నేతగాని కొడుకు మడతల దగ్గర చిరిగిన పాత కాగితం తెచ్చాడు. అదే వారపత్రిక.

"మా నాయన దాచిపెట్టుకున్నాడు సార్. రాసినోడు ఎప్పుడన్నా దొరికితే సూపాలని."

చూడగానే గుర్తుపట్టాను. "ఎమ్మిగనూరు మగ్గాలకు కొత్త ఎరుపు" అన్న శీర్షిక నేను పెట్టిందే. ఆ రంగుల వ్యాపారి తెచ్చిన పొడి గురించి, ఎమ్మిగనూరు ముఖం చూడకుండా, ఆదోనిలో కూర్చుని రాశాను. పేరులేని ఒక నేతగాణ్ణి పుట్టించి, "మూఁడు ఉతుకులకైనా చెక్కు చెదరదు" అని అతని నోట పలికించాను. అడుగున చిన్న అక్షరాలతో "ప్రకటన" అని కూర్చమన్నదీ నేనే. ఆ ఒక్క మాటతో నా నిజాయితీ నిలబడిందని ఆ రోజు తృప్తిగా టీ తాగాను.

"మా నాయన ఆ మాట సూసే నమ్మినాడు సార్," అన్నాడు పిల్లవాడు. "ప్రకటన అంటే సర్కారోళ్లు దండోరా ఏసినట్టు అనుకున్యాడు."

ఆ రంగుతో వాళ్ల నాయన తెల్ల చీరలకు ఎర్ర అంచు నేశాడు. మొదటి ఉతుకుకే ఎరుపు తెలుపులోకి కారింది. ఆదోని అంగళ్లు చీరలన్నీ తిప్పిపంపాయి. అప్పటినుంచి అతనికి కారురంగోడు అని పేరు పడింది. అతని చేతి గుడ్డ ఎవరూ కొనరు. ఇప్పుడు వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేస్తున్నాడు.

పిల్లలు కాగితమంతా ఎర్రగా గీసిపారేశారు. నేను నేర్పిన గీతను తప్పించుకున్న వాక్యం ఒక్కటీ లేదు.

"ఎవరు రాసింటారు సార్?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరికేది కాదు. "ఇంకెవరు, ఆ సంపాదకుడే," అన్నాను. నా పగ నేను కదలకుండానే తీరబోతోందని లోపల సంతోషించాను కూడా. వచ్చే నెల పత్రికలో ఆ పాత వార్తను ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, కింద రాసినవాడి పేరు వేయాలని పిల్లలు తీర్మానించారు. అక్షరం కూడా మార్చవద్దని నేనే హెచ్చరించాను.

ఎత్తిరాసే పని ఆ నేతగాని కొడుకుదే. రెండు రోజుల తర్వాత, అందరూ ఇళ్లకు పోయాక, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఈ కాగితంలో మిగతా వార్తల్లో యాడా అరసున్న లేదు. దీంట్లోనే ఉంది. మూఁడు. నేఁడు. వాఁడు."

ఆ కాలానికే అందరూ వదిలేసిన అరసున్నను పట్టుకుని వేలాడేవాణ్ణి నేను. అది పెట్టకపోతే పిల్లల చెవులు మెలిపెట్టేవాణ్ణి. ఎమ్మిగనూరులో దాన్ని రాసేది నేనూ, నా చేతి కింద పిల్లలూ మాత్రమే.

"మీరు ఇంతకుముందు ఆదోనిలో ఉన్యారంట కద సార్?"

"నేనే రాశాను రా."

వాడు ఏడవలేదు, కోప్పడలేదు. "ఆ మాట మా నాయనకు సెప్పండి సార్," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున నేతవాడకు వెళ్లాను. వాళ్ల నాయన మగ్గం గుంటలోంచి లేవకుండానే అంతా విన్నాడు.

"నేసేటోడు ఎవరో సెప్పినాడని రాసినావే, ఎవరప్పా ఆయప్ప?"

"ఎవరూ లేరు."

"లేడా! నేను ఆయప్ప కోసం ఈ వాడలో ఇల్లిల్లూ తిరిగినా."

లేచి వెళ్లి, పెట్టెలోంచి ఒక చీర తెచ్చాడు. తిప్పిపంపినవాటిలో ఒకటి. ఒక తొట్టి నీళ్లు వీధిలో పెట్టించాడు.

"మూడు ఉతుకులన్నావు. ఉతుకు."

మగ్గాల చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆడా మగా గడపల్లోకి వచ్చారు. నేను చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాను. మొదటి నీళ్లు కుంకుమ కలిపినట్టయ్యాయి. పారబోసి మళ్లీ నింపారు.

"బాగా పిండు అయ్యోరా! మా ఇంట్లోనూ మైల గుడ్డలుండాయి, ఏస్తునా?" అని ఒక ముసలమ్మ అరిచింది. వీధంతా నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు.

రెండో నీళ్లూ ఎర్రబడ్డాయి. మూడో నీళ్లూ అంతే. నా పంచె ముందుభాగమంతా మరకలు. ఆ పంచె ఆ వార్తకు ప్రతిఫలంగా వ్యాపారి ఇచ్చిన జతలోదే. ఉన్నవాటిలో అదే మంచిదని కట్టుకుని వచ్చాను. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

"నన్ను కారురంగోడని పిల్సినోళ్లంతా ఈడే ఉండారు. రంగు ఎవరిదో సెప్పు వాళ్లకు."

చెప్పాను. చెబుతూనే, "నేనొక్కణ్ణే కాదు, ఆ సంపాదకుడూ, ఆ వ్యాపారీ..." అని మొదలుపెట్టాను. అంత జరిగినా నాలో ఆ పగ చావలేదు.

అతను చెయ్యెత్తి ఆపాడు. "వాళ్ల సంగతి మళ్ల సూసుకుంటా. రాసిన సెయ్యి యాడుంది? ఈడుంది కద. ఇంగ పో."

క్షమించాననలేదు. చీర కూడా నా చేతికివ్వలేదు. దండెం మీద, వీధిలో పోయేవాళ్లకు కనబడేటట్టు ఆరవేశాడు. చాలా రోజులు దాన్ని తీయలేదు. బడికి నా దారి అదే.

మర్నాడు నేతగాని కొడుకు నోటుపుస్తకంతో వచ్చాడు. "పత్రికకు రాస్తాండాను సార్. మా నాయన మాట రాసుకున్యా, వాడలో నలుగురి మాటా రాసుకున్యా. మీరేమంటారు? అడక్కుండా రాయగూడదని మీరే సెప్పినారు కద."

చెప్పాను. తలవంచుకుని రాసుకున్నాడు. ఆ నెల పత్రికలో నా పేరుతో, నేను చేసిన పనితో సహా వచ్చింది. అందులో ఎర్ర పెన్సిల్ పెట్టడానికి చోటు లేదు. గోడకెక్కించే ముందు దిద్దమని నాకే తెచ్చిచ్చాడు. "మూడు ఉతుకులు" అని మామూలుగా రాశాడు, అరసున్న లేకుండా.

నేను దిద్దలేదు.